రెండు గడపల బయట పెరిగిన కవి

మా వడమాలపేట చుట్టుపక్కల పల్లెల్లో తిరునాళ్లు వచ్చిందంటే సత్యహరిశ్చంద్ర నాటకం ఆడించడం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. రాత్రి పది గంటలకు తెర లేస్తే కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము అవుతుంది. ఆ సీను కోసమే ముసలివాళ్లు దుప్పట్లు కప్పుకొని చాపల మీద కూర్చుని ఉంటారు. హార్మోనియం శ్రుతి అందుకుంటుంది. భుజాన కర్ర వేసుకొని హరిశ్చంద్రుడు శ్మశానంలోకి వస్తాడు. చావు ముందు గొప్పవాడు, పేదవాడు అనే తేడా లేదని చెప్పే పద్యాలు గొంతెత్తి పాడతాడు. జనం వన్స్‌మోర్ అంటారు. అతడు మళ్లీ పాడతాడు. పిల్లలు నిద్రలోంచి లేచి కళ్లు నులుముకుంటూ చూస్తారు.

నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కానీ జనం ఎదురుచూసే ఆ కాటి పద్యాలు ఆయనవి కావు. రంగస్థల నటులు వాటిని వేరే పుస్తకంలోంచి తెచ్చి నాటకంలో కలుపుకొన్నారు. అవి గుర్రం జాషువా రాసిన పద్యాలు. ఏ ఊరి తిరునాళ్లలో ఆ పద్యాలకు జనం చప్పట్లు కొడుతున్నారో, అలాంటి ఊళ్లోనే చిన్ననాడు ఆయనకు అడుగు పెట్టడానికి చోటు లేకపోయింది. ఇది మన సాటి తెలుగువాళ్లకు కొందరికి తెలుసు. ఆయన పేరే చెబుతున్నట్టు ఆయన క్రైస్తవుల ఇంటి బిడ్డ అనీ, ఆయనను క్రైస్తవులమైన మనం కూడా గడప బయటే నిలబెట్టామనీ మన సంఘాల్లో ఎందరికి తెలుసు? ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండ దగ్గర చాట్రగడ్డపాడులో పుట్టారు. అప్పుడది గుంటూరు ప్రాంతం, 2022 నుంచి పల్నాడు జిల్లా. తండ్రి వీరయ్య యాదవ కులస్తుడు. తల్లి లింగమ్మ మాదిగ. ఆ కాలంలో అలాంటి ఇద్దరు కలిసి కాపురం చేయడమంటే ఎంత ధైర్యం కావాలో, ఎన్ని మాటలు పడాలో ఊహించుకోవచ్చు. నూట ముప్పై ఏళ్ల తరువాత కూడా అలాంటి పెళ్లి చేసుకొన్న జంటలు మా దగ్గరికి ప్రార్థన కోసం వచ్చి, తమ ఊరి పేరు చెప్పడానికి వెనకాడడం మేము చూస్తూనే ఉన్నాం.

ఆ ప్రాంతంలో క్రైస్తవ్యం ఎలా పాకిందో కొంచెం చెప్పాలి. లేకపోతే ఆ బిడ్డ ఎలాంటి ఇంట్లో కన్ను తెరిచాడో అర్థం కాదు. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీడించిన పెద్ద కరువులో, ఒంగోలు కేంద్రంగా పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇప్పించాడు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక జనమే కదలివచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకొన్నారు. వారిలో ఎక్కువ మంది మాదిగలు. 1883లో వినుకొండలోనూ మిషన్ కేంద్రం ఏర్పడింది. ఊరి బావిలో నీళ్లు తోడుకోవడానికి వీల్లేని మనుషులకు, దేవుడు నిన్ను పేరు పెట్టి పిలిచాడని చెప్పిన మొదటి గొంతు అదే. తరతరాలుగా పొట్టి పేర్లతో పిలిపించుకొన్నవాళ్లు పిల్లలకు బైబిలు పేర్లు పెట్టుకోవడం మొదలుపెట్టారు. జాషువా అంటే మన బైబిల్లోని యెహోషువ. యెహోవాయే రక్షణ అని దాని అర్థం. యేసు అనే పేరూ ఆ మాటలోంచే వచ్చింది. వాగ్దాన దేశంలోకి జనాన్ని నడిపించినవాడి పేరు పెట్టుకొన్న ఆ పిల్లవాడికి, పక్క వీధిలోకి నడవడానికే అనుమతి లేకపోయింది.

మొదట్లో బాల్యం హాయిగానే గడిచింది. వినుకొండ చుట్టూ పచ్చని పొలాలు, కొండ, పక్షులు. పిల్లవాడు బొమ్మలు గీసేవాడు, పాటలు పాడేవాడు. తరువాతి రోజుల్లో ఆయన గిజిగాడి మీద, సాలీడు మీద, తుమ్మెద మీద పద్యాలు రాశారంటే ఆ పొలం గట్ల మీద చూసిన చూపే అది. గిజిగాడు గూడు అల్లే పద్ధతిని బళ్లో కూర్చుని ఎవరూ నేర్చుకోలేరు.

కష్టాలు బడితో మొదలయ్యాయి. తోటి పిల్లలు కులం పేరు పెట్టి గేలి చేసేవారు. చదువు చెప్పవలసిన వాళ్లూ అదే చేశారు. ఈ కుర్రవాడు తల వంచుకొని వెళ్లే రకం కాదు. గేలి చేసినవాళ్ల మీద తిరగబడ్డాడు, కొట్టాడు. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమన్న ప్రభువు మాట ఈ కుర్రవాడికి తెలియదా అని అడిగేవారు ఉంటారు. మేమైతే అలా అడగం. రెండో చెంప చూపడానికి ముందు, ఎదుటివాడు నిన్ను మనిషిగా గుర్తించాలి. అంటుకుంటే మైల అని దూరం నుంచే రాయి విసిరేవాడికి చూపడానికి చెంప ఎక్కడిది? ఏమైనా, ఆ తిరగబాటు పెద్దయ్యాక చేతుల్లోంచి కలంలోకి దిగింది. తనకు ఇద్దరు గురువులున్నారని, ఒకటి పేదరికం, రెండోది కులమత భేదం అని ఆయనే చెప్పుకొన్నారు. మొదటిది ఓర్చుకోవడం నేర్పింది, రెండోది ఎదిరించడం నేర్పింది. బానిసగా మాత్రం ఏదీ మార్చలేకపోయింది. వేదాంత కళాశాలలో మేము చదివిన గురువుల జాబితాలో ఈ ఇద్దరూ లేరు.

ఆ బాల్యంలో అన్నీ మూసిన తలుపులే అనుకోకూడదు. దీపాల పిచ్చయ్యశాస్త్రి అనే బ్రాహ్మణ బాలుడు ఆయనకు స్నేహితుడయ్యాడు. తరువాత ఆయనా పేరున్న కవి అయ్యారు. ఇద్దరూ కలిసి పద్యాల మీద ప్రేమ పెంచుకొన్నారు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారు జాషువాకు కాళిదాసు కావ్యాలు చెప్పారు. మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం. అంటరానివాడిగా లెక్కించే కుర్రవాడికి సంస్కృత కావ్యం పాఠం చెప్పడానికి ఆ శాస్త్రిగారు ఊళ్లో ఎవరెవరికి సమాధానం చెప్పుకోవలసి వచ్చిందో! లోకం ఎప్పుడూ పూర్తిగా చీకటిగా ఉండదు. ఈ మేఘసందేశం పాఠాన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

వినుకొండలో ఒకసారి అవధాన సభ జరిగింది. యువకుడైన జాషువా ఆ సభలో తాను రాసిన పద్యాలు చదివారు. పద్యాలు ఎలా ఉన్నాయన్న మాట పక్కకు పోయింది. తక్కువ కులంవాణ్ని సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు లేచారు. సరస్వతి పేరు చెప్పుకొని కూర్చున్న సభ అది. ఇలాంటి అనుభవాలు ఆయనకు జీవితమంతా తప్పలేదు. తన కవిత్వం చదివి మెచ్చుకొన్నవాళ్లే, ఎదురుపడి కులమేదని అడిగి, జవాబు వినగానే మొహం తిప్పుకొని లేచిపోవడం ఎంత లోతుగా గుచ్చుకుంటుందో ఆయన ఒక పద్యంలో రాసుకొన్నారు. ఆ పద్యం తెలుగు చదువుకొన్నవాళ్లలో చాలామందికి కంఠతా వచ్చు. కంఠతా వచ్చినవాళ్లందరూ మారారా అంటే, అది వేరే ప్రశ్న.

ఇంతవరకు చెప్పింది చదివి మన క్రైస్తవ పాఠకులు, చూశారా ఊరు ఎంత కఠినమైనదో అని తల ఊపుతూ ఉంటారు. కాస్త ఆగాలి. రెండో గడప మనది.

జాషువా పద్యం రాయడం మొదలుపెట్టిన కాలంలో తెలుగు పద్యానికి తెలిసిన కథలు పురాణ కథలే. 1919లో ఆయన రుక్మిణీ కల్యాణం రాశారు, 1922లో కుశలవోపాఖ్యానం. క్రైస్తవుల ఇంట పుట్టినవాడు కృష్ణుడి పెళ్లి రాస్తాడా, రాముడి కొడుకుల కథ రాస్తాడా అని సంఘంలో గొణుగుడు మొదలైంది. హిందూ మత రచనలు చేస్తున్నాడన్న నెపంతో ఆయనను క్రైస్తవ సమాజం నుంచి వెలివేశారు. ఊరివాళ్లు నువ్వు అంటరానివాడివి, కిరస్తానీవి అని సభలోంచి లేపారు. క్రైస్తవులు నువ్వు పురాణాలు చదువుతున్నావు, మావాడివి కావు అని గుడిలోంచి పంపారు.

ఆనాటి సంఘం పెద్దల భయాన్ని మేము అర్థం చేసుకోగలం. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన జనం, చుట్టూ పాత ఆచారాల లాగుడు, ఒక్కడు జారితే పదిమంది జారతారన్న దిగులు. సంఘ క్రమశిక్షణ లేకుండా సంఘం నిలబడదని మాకూ తెలుసు. కానీ అదే బైబిల్లో బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన దానియేలు కల్దీయుల విద్య, భాష నేర్చుకొన్నాడు. ఆ విద్యలో ఏ దేవతల కథలు ఉండేవో చరిత్ర చదివినవారికి తెలుసు. మోషే ఐగుప్తీయుల సకల విద్యలూ నేర్చినవాడని అపొస్తలుల కార్యాల్లో స్తెఫను సాక్ష్యమిచ్చాడు. ఏథెన్సులో నిలబడి పౌలు గ్రీకు కవుల మాటలే ఎత్తి చూపి దేవుణ్ని గురించి బోధించాడు. గ్రీకు కవి మాట పౌలు నోట పవిత్రమైతే, కాళిదాసు మాట వినుకొండ కుర్రవాడి నోట ఎందుకు అపవిత్రమైంది? మా అభిప్రాయం చెప్పమంటే, అక్కడ పనిచేసింది వాక్యం కాదు, భయం. ఇంకో మాట కూడా ఉంది, అది చెప్పడం కష్టం. అక్షరాన్ని, ఛందస్సును పైకులాల సొత్తుగా చూడడం ఊరికి అలవాటు. ఆ అలవాటును మనవాళ్లూ తెలియకుండానే ఒప్పుకొన్నారు. పద్యం మనది కాదని మనమే అనుకొన్నాం.

న్యాయంగా ఇంకొకటి కూడా చెప్పాలి. ఆయనకు కూడు పెట్టినదీ చాలాకాలం క్రైస్తవ సంస్థలే. 1910లో, పదిహేనేళ్ల వయసులో మరియమ్మతో పెళ్లయింది. మిషనరీ బడిలో నెలకు మూడు రూపాయల జీతం. ఆ ఉద్యోగమూ పోయింది. పని వెతుక్కుంటూ రాజమండ్రి వెళ్లారు. అక్కడ 1915, 16 ప్రాంతంలో ఆయన చేసిన పని ఈనాటి పిల్లలకు వింతగా ఉంటుంది. అప్పటికి సినిమాకు మాట రాలేదు. తెర మీద బొమ్మలు పెదవులు కదుపుతుంటే, పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పాలి, ఆ బొమ్మల మాటలు తాను పలకాలి. రాజు మాట రాజులా, తల్లి ఏడుపు తల్లిలా. జాషువా ఆ పని చేశారు.

ఆయన జీవితం రాసినవాళ్లు ఈ ఘట్టాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. మాకు మాత్రం ఇది చిన్న సంగతిగా తోచదు. ఇరవై ఏళ్ల వయసులో, చీకట్లో నిలబడి, నోరులేని బొమ్మలకు నోరు కావడం ఆయన పొట్టకూటి పని. తరువాత ఆయన రాసిన వాటిని వరసగా చూడండి. మాట్లాడలేని శిశువు, అనాథ, శ్మశానంలో పడుకొన్నవాళ్లు, గబ్బిలం. వీళ్లలో ఎవరికీ సొంత గొంతు లేదు. అందరికీ జాషువా గొంతు ఇచ్చారు. కాటిసీను పద్యాలు తెలుగు రంగస్థలం మీద అంతగా నిలిచిపోయాయంటే, వాటిని రాసినవాడు చేతిలో కలం పట్టుకొని మాత్రమే కాదు, జనం ముందు నిలబడి గొంతుతో కథ నడిపి చూసినవాడు కావడం కూడా కారణమని మా నమ్మకం.

తరువాత గుంటూరులో లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశారు. 1928 నుంచి 1942 వరకు గుంటూరులోనే ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడి ఉద్యోగం, 1957 నుంచి 1959 వరకు మద్రాసు రేడియోలో కార్యక్రమాల నిర్మాత ఉద్యోగం. ఆ ఉద్యోగాల వివరాల్లోకి మేము వెళ్లం. ఆ మధ్యలో వచ్చిన రెండు పుస్తకాల సంగతి చెప్పాలి.

1932లో ఫిరదౌసి వచ్చింది. పర్షియా కవి ఫిరదౌసి కథ అది. గజనీ మహమ్మదు పద్యానికి ఒక బంగారు నాణెం ఇస్తానని మాట ఇచ్చి, కవి ఏళ్ల తరబడి కష్టపడి కావ్యం పూర్తి చేశాక, చెప్పుడు మాటలు విని మాట తప్పాడని కథ. ఎక్కడి పర్షియా, ఎక్కడి వినుకొండ! కానీ కవిత్వాన్ని మెచ్చి, కవిని చూడగానే లెక్క మార్చేవాళ్లను చిన్ననాటి నుంచి చూసినవాడికి ఆ కథ పరాయిది కాదు. ఫిరదౌసి గుండెలో జాషువా తన గుండెను పెట్టారని చదివినవారికి వెంటనే తెలిసిపోతుంది.

1941లో గబ్బిలం వచ్చింది. ఇప్పుడు హనుమచ్ఛాస్త్రి గారి పాఠం దగ్గరికి రావాలి. మేఘసందేశంలో ఒక యక్షుడున్నాడు. యజమాని కుబేరుడి పనిలో ఏమరుపాటు వల్ల అలకాపురి నుంచి ఏడాది పాటు బహిష్కారం పొందాడు. భార్యకు దూరమై, ఆకాశంలో పోయే మేఘంతో కబురు పంపుతాడు. ఆ పాఠం విన్న కుర్రవాడికి బహిష్కారం అన్న మాట ఒక అలంకారం కాదు. రోజూ అనుభవిస్తున్నదే. గబ్బిలంలో కబురు పంపేవాడు యక్షుడు కాదు, తంజావూరు ప్రాంతంలో ఉన్న ఒక అరుంధతీయుడు. యక్షుడికి శిక్ష ఒక్క ఏడాది. ఇతనికి గడువు లేదు. యక్షుడు పొరపాటు చేశాడు. ఇతను చేసిన నేరం పుట్టడమే. యక్షుడు భార్యకు ప్రేమ కబురు పంపాడు. ఇతను తన గోడు చెప్పుకోవడానికి ఉత్తరాదికి, శివుడి సన్నిధికి కబురు పంపుతాడు. మేఘమైతే అందంగా ఉంటుంది. ఇతను పంపింది అపశకునమని జనం తరిమే గబ్బిలాన్ని. ఎందుకంటే గుడి లోపల దేవుడి దగ్గర తలకిందులుగా వేలాడే స్వేచ్ఛ గబ్బిలానికి ఉంది. ఈ మనిషికి గుడి మెట్టు కూడా ఎక్కే హక్కు లేదు.

అరుంధతీయుడు అంటే ఎవరో మా చిత్తూరు వైపువాళ్లకు వేరే చెప్పక్కరలేదు. ఆ పేరు జాషువా తల్లి లింగమ్మ వాళ్లది. పెళ్లిలో కొత్త దంపతులకు ఆకాశంలో అరుంధతి నక్షత్రం చూపించడం ఆచారం. ఆ అరుంధతి తమ ఇంటి ఆడబిడ్డ అని చెప్పుకొనే జనాన్ని పెళ్లి పందిట్లోకి రానివ్వకపోవడం కూడా ఆచారమే. తండ్రి కులం చెప్పుకొని కొంచెం పైకి జరిగే అవకాశం ఆయనకు ఉందేమో అనిపిస్తుంది. ఆయన అలా జరగలేదు. తన గొప్ప కావ్యానికి నాయకుణ్ని తల్లివైపు నుంచి తెచ్చుకొన్నారు. కావ్యం చెప్పే పద్ధతిని మాత్రం కాళిదాసు దగ్గర తీసుకొన్నారు. ఒక గడప దగ్గర విన్న పాఠం, మరో గడప దగ్గర తిన్న దెబ్బ, రెండూ లేకపోతే ఆ పుస్తకం లేదు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పక తప్పదు. చెప్పుకోవడానికి గొప్పగా ఏమీ ఉండదు.

పాతికేళ్ల కింద మేము కొత్తగా సేవలోకి వచ్చిన రోజులు. మా సంఘంలో ఒక యువకుడు ఉండేవాడు. మామిడి తోటల్లో కూలి. మంచి గొంతు. ఆదివారం క్రైస్తవ కీర్తన ఎత్తుకుంటే వెనక బెంచీల్లో ఉన్నవాళ్లూ లేచి నిలబడేవారు. ఆ గొంతు విని పక్క ఊరి నాటకం వాళ్లు అతణ్ని పిలిచి హరిశ్చంద్రుడి వేషం ఇచ్చారు. తిరునాళ్లలో ఆడాడు. సోమవారం పొద్దునకే కబురు మాకు చేరింది. సంఘ పెద్దలు కూర్చున్నారు. అన్యుల తిరునాళ్లలో వేషం కట్టినవాడు ప్రభువు బల్లకు ఎలా వస్తాడని అడిగారు. అతడు నేరం ఒప్పుకోలేదు, వాదించనూ లేదు. పద్యాలు బాగుంటాయి అయ్యగారూ, అందుకే పాడినాను అని మాత్రం అన్నాడు. ఆరు నెలలు బల్లకు రాకూడదని పుస్తకంలో రాసి మేము సంతకం చేశాం. ఆరు నెలలు గడిచాయి. అతడు రాలేదు. ఏడాది గడిచింది. రాలేదు. తరువాత పనుల కోసం తమిళనాడు వైపు వెళ్లిపోయాడని విన్నాం.

చాలా ఏళ్లకు ఒకరోజు తిరుపతిలో పుస్తకాల అంగడిలో జాషువా ఖండకావ్యాలు తిరగేస్తున్నాం. శ్మశానవాటి కనబడింది. చదువుతుంటే ఎక్కడో విన్నట్టుంది. రెండో పద్యానికి అర్థమైంది. ఆ యువకుడు ఏ పద్యాలు పాడినందుకు మేము బల్లకు దూరం పెట్టామో అవే. వేదాంత కళాశాలలో జర్మనీ పండితుల పేర్లు వరసగా అప్పజెప్పినవాళ్లం, పరీక్షలు రాసినవాళ్లం. తెలుగు నేల మీదే పుట్టిన ఒక క్రైస్తవ కవి పద్యాలను గుర్తుపట్టలేకపోయాం. క్రైస్తవులు వెలివేసిన కవి పద్యాలు పాడినందుకు మరో క్రైస్తవుణ్ని వెలివేశాం. ఆ అంగడిలో నిలబడి మేము ఎంతసేపు ఉన్నామో తెలియదు. పుస్తకం కొని బయటికి వచ్చాం.

జాషువాకు తరువాతి కాలంలో గౌరవాలు చాలా వచ్చాయి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు, అవధాన విద్యకు పెద్దదిక్కు, తన చేతులతో జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. వినుకొండ అవధాన సభలో లేచి అరిచినవాళ్లలో ఎవరైనా ఆ రోజుకు బతికి ఉంటే చూసే ఉంటారు. 1964లో శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ, కేంద్ర ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చాయి.

వీటన్నిటి మధ్య మమ్మల్ని ఆపేది 1964 నాటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం. అది ఆయనకు గబ్బిలానికి రాలేదు, ఫిరదౌసికి రాలేదు. క్రీస్తు చరిత్రకు వచ్చింది. రుక్మిణీ కల్యాణం రాసినప్పుడు ఏ పద్యాన్ని చూసి మనవాళ్లు భయపడ్డారో, ఆ పద్యంలోనే ఆయన యేసుక్రీస్తు జీవితమంతా రాశారు. సంఘం వెలివేసినవాడు సంఘానికి ప్రభువైనవాడి కథను తెలుగు సాహిత్యంలో అంత ఎత్తున నిలబెట్టాడు. హెబ్రీ పత్రిక చివరి అధ్యాయంలో యేసు గవిని వెలుపల శ్రమపడ్డాడని, మనమూ శిబిరం వెలుపలికి ఆయన దగ్గరికి వెళ్లాలని ఒక మాట ఉంది. మేము ఆ వాక్యం మీద ఎన్నోసార్లు ప్రసంగించాం. ప్రసంగించినప్పుడల్లా మేము గవిని లోపలే ఉన్నాం. జాషువాకు ఆ వెలుపలి చోటు పుట్టినప్పటి నుంచి తెలుసు. పశువుల తొట్టి, చోటులేని సత్రం, సొంత ఊరివాళ్లే కొండ అంచుదాకా తరిమిన నజరేతు, నగరం బయటి సిలువ, ఇవన్నీ ఆయన ఊహించుకోవలసిన అవసరం లేనివి.

ఆయన చివరికి నాస్తికుడయ్యారని రాసినవాళ్లున్నారు. కూతురు హేమలత నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి ఇంటి కోడలు కావడం కూడా చూపిస్తారు. కాదు, మావాడే అని వాదించే క్రైస్తవులూ ఉన్నారు. ఆయన జీవించి ఉన్న రోజుల్లో మావాడే అన్నవాళ్లు ఇంతమంది ఉంటే బాగుండేది. పురస్కారం వచ్చాక చుట్టరికం కలుపుకోవడం మనుషులకు సులభం. ఆయన హృదయం సంగతి దేవుడికి తెలుసు, ఆ తీర్పు మా పని కాదు. మా పని మా సంతకం సంగతి చూసుకోవడం.

1971 జులై 24న జాషువా గుంటూరులో కన్నుమూశారు. నా కథ అన్న పేరుతో తన జీవితాన్ని పద్యాల్లోనే చెప్పుకొని వెళ్లారు.

మా సంఘం పుస్తకంలో ఆ పాత పేజీ ఇంకా ఉంది. సంతకం మాదే. పోయిన ఏడాది అతడు ఊరికి తిరిగి వచ్చాడని తెలిసి, ఇంటికి వెళ్లాం. జుట్టు నెరిసింది. మమ్మల్ని చూసి నులక మంచం వాల్చాడు, కాఫీ పెట్టమని ఇంట్లోకి కేకేశాడు. ఆరు నెలల శిక్ష మేము తప్పుగా వేశామని చెప్పాం. అతడు ఏమీ అనలేదు. వచ్చే శనివారం పక్క ఊళ్లో నాటకం ఉందని, తీరిక ఉంటే రమ్మని అన్నాడు.

వెళ్లాం. మా సంఘ పెద్దల్లో ఇద్దరు వచ్చారు, మిగిలినవాళ్లు రాలేదు. కాటిసీనుకు ముందు అతడు వేషంతోనే తెర పక్కకు వచ్చి, మాకు ఇబ్బందిగా ఏమీ లేదు కదా అని విచారించాడు. అప్పుడు చెప్పాం, ఇప్పుడు నువ్వు పాడబోయే పద్యాలు రాసినాయన పేరు జాషువా, మనలాంటి ఇంట్లోనే పుట్టాడు అని. అతడు ఒక్క క్షణం నిలబడిపోయాడు. మొహానికి బూడిద పూసుకొని ఉన్నాడు, కళ్లు మాత్రం కనబడుతున్నాయి. ఆయన ఏ చర్చికి పోయేవాడు అయ్యగారూ అని అడిగాడు. మేము జవాబు వెతుక్కునేలోగా హార్మోనియం మొదలైంది. అతడు కర్ర భుజాన వేసుకొని వెలుగులోకి నడిచాడు.